నే వెనక్కి రావడం లేదు

జహీరాబాద్,
18 జూలై 1982

బస్వరాజ్‌కు వీరప్ప ఆశీస్సులు.

నీవు పాండిచ్చేరి నుంచి పంపిన కట్ట అందింది. దారిలో వానలున్నా పటం తడవలేదు. నూనెగుడ్డ చుట్టి మంచిపని చేశావు. అల్లం మండీలో ఆ రోజు లెక్క రాయడం ముగించి ఇంటికి రాగానే దాన్ని పరుచుకొని కూర్చుంటున్నాను. తేనెపట్టు లాంటి ఆ గళ్ళన్నీ చేత్తోనే గీశావా? మీ ఇంటాయన ఫ్రెంచిలో చదివి, అరవంలో చెప్పగా, నీవు తెలుగులో రాసిన ఈ యుద్ధం ఆట నియమాలు రెండుసార్లు చదివాను. సగం అర్థమైంది. మిగతాది ఆడుతుంటే తెలుస్తుందనుకుంటాను. నీవు నెపోలియన్ పక్షం, నేను రష్యా పక్షం. ఎత్తులు ఉత్తరాల్లోనే రాసుకుందాం, ఒప్పుకున్నాను.

ముక్కలు నీలమ్మ చేసింది. చెప్పుల డబ్బా అట్టను బట్టలు కుట్టే కత్తెరతో ఎంత సమంగా కోసిందో చూస్తే నీవు సంతోషపడతావు. ఫ్రెంచి వాళ్ళకు బట్టలకు పెట్టే నీలిమందు పూసింది, రష్యా వాళ్ళకు పసుపు. పేర్లు రాయడానికి చోటు లేక గుర్తులు పెట్టుకున్నాం. ఒక సేనానికి ఎర్ర జుట్టు అని రాశావు కదా, ఆ ముక్క మీద కుంకుమ చుక్క పెట్టింది. ఇంట్లో అందరం ఆయన్ను ఎర్రతలాయన అంటున్నాం. మీ అక్క మనోరమ మాత్రం, "పిల్లలు లేకపాయిరి, ఈయనే పిల్లగాడయి కూసుండు" అంటున్నది.

వాచీలు బాగుచేసే మక్సూద్ సాబ్ ఆ పటం చూసి కోపం తెచ్చుకున్నాడు.

"ఫ్రెంచి సర్దార్లంటున్నవ్, మూసా రహీం ఏడి మరి?"

"మా తాత మూసా రాముడు అనేటోడు" అన్నాను.

"రాముడు గాదు మియా, రహీం. నిజాం ఫౌజుకు పెద్ద. హైదరాబాద్‌ల గుట్ట మీద సమాధి ఉన్నది. నా కండ్లతోని చూసిన."

చాయ్ తెచ్చినతను నవ్వి, "జర ఆగున్రి సాబ్, ఆయన ఫ్రెంచోడు. మీ ఇద్దరికీ చుట్టం గాదు" అన్నాడు. అయినా నాకు అనుమానం పోలేదు. ఆయన నీ ఆటలో ఎందుకు లేడో కనుక్కొని రాయి.

ఇక అసలు సంగతి. మే నెలలో నీ పెళ్ళైంది, నీలమ్మ మా దగ్గరే ఉంది. మాకు బరువు కాదు, మీ అక్కకు తోడు. కానీ ఇల్లు చూసి దసరాకు తీసుకుపోతానని న్యాల్‌కల్‌లో వాళ్ళ వాళ్ళందరి ముందూ నీవే అన్నావు. అది మరిచిపోవద్దు.

నీ మేలు కోరే
వీరప్ప


పాండిచ్చేరి,
1 ఆగస్టు 1982

బావగారికి, అక్కకు బస్వరాజ్ నమస్కారాలు.

మక్సూద్ సాబ్‌కు కోపం వద్దని చెప్పండి. మూసా రహీం, మూసా రాముడు ఒక్కడే. మా ఇంటాయన సవరినాథన్ తాతను అడిగాను. ఆయన ఫ్రెంచి పటాలంలో ఉండి ఇండోచైనాలో యుద్ధం చేసి వచ్చినవాడు. ఇప్పటికీ ఫ్రాన్స్ నుంచి పింఛను వస్తుంది, ఈ ఆట పెట్టె కూడా మనవడు అక్కడి నుంచే తెచ్చాడు. ఆయన చెప్పింది ఏమంటే, మూసా అనేది "మోస్యే" అట. మనం అయ్యగారు అన్నట్టు. అసలు పేరు రేమోఁ. అది మన నోళ్ళలో పడి ఒకరికి రాముడైంది, ఒకరికి రహీం అయింది. విచిత్రం ఏమంటే, ఆయన కుర్రతనంలో వ్యాపారం చేద్దామని వచ్చి దిగింది ఈ పాండిచ్చేరిలోనే. తర్వాత నిజాం కొలువుకు చేరి హైదరాబాద్‌లోనే పోయాడు. నెపోలియన్ తన సేనానులకు మార్షల్ బిరుదులు ఇచ్చింది ఆ తర్వాత. అందుకే ఆటలో లేడు.

ఉన్నవాళ్ళ సంగతి రాస్తాను. దావూ అనే ఆయనకు బట్టతల, కళ్ళద్దాలు. మహా కట్టుదిట్టం మనిషి. మ్యురా పూటకూళ్ళ ఇంటివాడి కొడుకు. గుర్రపు దళానికి పెద్ద, ఈకల టోపీ లేకుండా బయటికి రాడు. నే అనే ఆయనే మీ ఎర్రతలాయన, పీపాలు చేసేవాడి కొడుకు. ధైర్యం జాస్తి, నిదానం తక్కువ. ఒక్కొక్క ముక్కకు రెండు అంకెలు వేయమన్నది అందుకే. మొదటిది బలం, రెండోది మాట వినే గుణం. చక్రవర్తి ఆజ్ఞ పంపితే సరిపోదు బావగారూ, అది చేరాలి, చేరినా ఆయన వినాలి. నాకు ఈ ఆటలో నచ్చింది అదే. మన పచ్చీసులో కాయకు మనసుండదు, ఇక్కడ ఉంటుంది.

పాచిక ఎవరు వేయాలని అడుగుతారేమో. పేపర్లో మద్రాసు ఎండ ఎన్ని డిగ్రీలో వేస్తారు. ఎత్తు రాసిన మర్నాటి పేపర్లో ఆఖరి అంకె చూసుకుందాం. మీకూ నాకూ అదే అంకె, పేచీ ఉండదు.

ఇల్లు దొరికినట్టే. ఇదే వీధిలో వంటగదితో ఒక గది దసరా తర్వాత ఖాళీ అవుతున్నది, చెప్పి ఉంచాను. మిల్లులో పని బాగానే ఉంది. నీలమ్మకు నేను క్షేమమని చెప్పండి.

మీ
బస్వరాజ్


జహీరాబాద్,
10 నవంబరు 1982

బస్వరాజ్‌కు వీరప్ప రాస్తున్నది.

నీవు మాస్కో చేరిన సంగతి అంకెతో సహా సరిచూసుకున్నాను. నేను ఊరు ఖాళీ చేసి పోయానని నీవు నవ్వుతున్నావేమో. నవ్వుకో. నియమాల్లో చలి గురించి రాసిన పేజీ నేను ఈమధ్యనే మళ్ళీ చదివాను.

నీ దావూ ఇక్కడ చాలా పేరు తెచ్చుకున్నాడు. ఆయన ఒక్క పోరాటంలోనూ వెనక్కి తగ్గలేదని మక్సూద్ సాబ్‌కు చెప్పాను. "దావూద్ గదా, ఎట్ల తగ్గుతడు!" అని ఆయన బజారంతా చెప్పి వచ్చాడు. దావూద్ కాదు, దావూ అన్నాను. "నీ బామ్మర్ది రాసుట్ల ద్ ఎగిరిపోయింది" అంటాడు. ఇప్పుడు రోజూ దుకాణం తెరవకముందే వచ్చి, "ఏం వీరప్పా, మనోడు ఏడిదాక వచ్చిండు?" అని అడుగుతున్నాడు. రష్యా పక్షం నాది, అయినా దావూద్‌ను కొట్టడానికి నాకే మొహమాటంగా ఉంది. నిజంగా ఆయన ఎవరో కనుక్కో.

మండీలో హమాలీలకు కూడా తెలిసింది. బస్తాలు దించుతూ, "సేటూ, మీ ఫ్రెంచోళ్ళకు మన అల్లం చాయ్ పంపున్రి, చలికి ఆగుతరు" అంటున్నారు.

దసరా పోయింది. నీ ఉత్తరాలు వచ్చాయి. వాటిలో గుర్రాలు ఉన్నాయి, నదులు ఉన్నాయి, ఆ వంటగదితో గది మాత్రం మళ్ళీ కనబడలేదు. నేను అడగలేదు. అడగడం నాకు రాదని నీకు తెలుసు. కానీ నీలమ్మ అన్న సిద్దప్ప వచ్చిపోయాడు. తినకుండా, నిలబడే మాట్లాడాడు.

"అన్నా, మీ ఇంట్ల నా చెల్లె తక్కువ లేకుండ ఉన్నది, నేను కాదన. గని ఊర్ల ఏమంటున్నరు? మొగడు వదిలేసిండంటున్రు. శివరాత్రి దాక చూస్త. బావ వచ్చి తోల్కపోతె మంచిదే. లేకుంటె నేనే మా ఇంటికి తీస్కపోత. పోయినంక మల్ల పంపుడు ఉండదు."

నీలమ్మ తలుపు వెనక ఉంది. ఆమె వెళ్ళిపోతే తిరిగి తెచ్చుకోవడం నీకు గానీ నాకు గానీ అయ్యే పని కాదు. శివరాత్రి ఫిబ్రవరిలో. ఏ రోజు వస్తావో రాయి.

వీరప్ప


పాండిచ్చేరి,
5 డిసెంబరు 1982

బావగారికి నమస్కారాలు.

మక్సూద్ సాబ్‌ను నిరాశపరచవలసి వస్తున్నది. దావూ అసలు ఫ్రెంచివాడే, పాత జమీందారీ వంశం వాడు. పేరు చివర ఒక అక్షరం ఉంటుందట, రాస్తారు గానీ పలకరు. అది కూడా ద కాదు, ట. తాత నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. తర్వాత, "ఆ సాబ్ దగ్గర ఆయన దావూద్‌గానే ఉండనీ, మార్షల్‌కు మాత్రం ఏం నష్టం" అన్నాడు.

మీరు చలి పేజీ చదివారని తెలియక నేను మాస్కోలో ఎక్కువ రోజులు కూర్చున్నాను. ఇప్పుడు ఒక్కొక్క ఎత్తుకూ దళం తరుగుతున్నది. నిజంగానూ అట్లాగే జరిగిందట. గుర్రాలకు మంచు మీద నడిచే నాడాలు కొట్టించడం ఎవరికీ తోచలేదట! అంత పెద్ద సైన్యం, అంతమంది మార్షళ్ళు, నాడాల సంగతి ఎవరికీ తోచలేదంటే వింతగా లేదూ? నేను మిల్లులో మిషన్లు చూసేవాణ్ణి కనుక దాని మీదే నా ఆలోచన. మ్యురా అయితే ఆ చలిలో కూడా జరీ అంగీలు వదలలేదట.

ఇప్పుడు నా లెక్క ఏమంటే, ఎవరో ఒకరు అందరికంటే వెనక నిలబడి మీ వాళ్ళను ఆపుతుంటే తప్ప మిగిలిన దళాలు నది దాటలేవు. ఆ పని నేకు ఇవ్వాలని ఉంది.

ఇంటి సంగతి. ఆ గది చేతికి రాలేదు. వేరేది చూస్తాను. మిల్లులో పని ఒత్తిడి, సెలవు దొరకడం కష్టం. సిద్దప్ప బావతో మీరే కొంచెం మెల్లగా చెప్పండి. నీలమ్మకు క్షేమమని చెప్పండి.

మీ
బస్వరాజ్


(పోస్టు కార్డు)

పాండిచ్చేరి,
17 జనవరి 1983

బావగారికి నమస్కారాలు. కవర్లు అయిపోయాయి, కార్డు మీదే ముగిస్తున్నాను. దావూ, మ్యురా ఇద్దరూ నది దాటి పోయారు. నే వెనక్కి రావడం లేదు. ఎవరు పిలిచినా సరే, ఆఖరుదాకా ఇక్కడే. బాగా ఆలోచించే ఈ నిర్ణయం. మీ జవాబు కోసం ఎదురుచూస్తాను.

బస్వరాజ్


జహీరాబాద్,
25 జనవరి 1983

బస్వరాజ్‌కు,

నీ కార్డు వచ్చింది. వచ్చినప్పుడు నేను ఇంట్లో లేను. ఇది అల్లం తవ్వే కాలం, పొద్దుటి నుంచి మండీలోనే ఉంటాను. పోస్టతను కార్డును నీలమ్మ చేతికి ఇచ్చాడు. ఆమె చదివింది న్యాల్‌కల్‌లో కన్నడ బడి అయినా, మన అక్షరాలు వాటికి దగ్గరే కదా, కూడబలుక్కొని తెలుగు చదువుతుంది. నిదానంగా, ఒక్కొక్క మాటా పట్టుకొని చదువుతుంది. నీ కార్డు కూడా అట్లాగే చదివింది.

నీవు ఒకసారి ఆ కార్డును ఆమె కళ్ళతో చదువుకో. "నే వెనక్కి రావడం లేదు. ఎవరు పిలిచినా సరే, ఆఖరుదాకా ఇక్కడే. బాగా ఆలోచించే ఈ నిర్ణయం."

ఆమెకు ఎర్రతలాయన తెలుసు. ఆయన పేరు నే అని మేమెప్పుడూ ఇంట్లో అనలేదు, నీ ఉత్తరాలు పైకి చదివేటప్పుడు కూడా ఎర్రతలాయన అనే చదివేవాణ్ణి. మిగతావాళ్ళు కూడా మా ఇంట్లో దావూద్, ఈకల టోపీ అయిపోయారు కనుక, దావూ, మ్యురా అంటే నీతో మిల్లులో పనిచేసేవాళ్ళేమో, వాళ్ళు తమ ఊళ్ళకు పోయారు, నీవు మాత్రం రానంటున్నావు అనుకుంది. నేను ఇంటికి వచ్చేసరికి మీ అక్క గడపలో కూర్చొని ఏడుస్తున్నది, నీలమ్మ న్యాల్‌కల్ బస్సు ఎక్కి పోయింది. కార్డు కుట్టు మిషను మీద ఉంది. నేను చదివి, ముందు నవ్వాను. మీ అక్క నన్ను చూసిన చూపుకు నవ్వు ఆగిపోయింది.

వెంటనే కుంకుమ చుక్క ముక్కను, నీ నియమాల కాగితాలను జేబులో పెట్టుకొని న్యాల్‌కల్ వెళ్ళాను. సిద్దప్ప అరుగు మీదే ఉన్నాడు, లోపలికి రమ్మనలేదు. నేను ముక్క తీసి చూపించాను. ఇది నే, ఫ్రాన్స్ దేశం మార్షల్, రాననేది ఈయన, మా బస్వరాజ్ కాదు అని చెప్పాను.

"నే అంటే నేను గాదా?" అన్నాడు సిద్దప్ప.

"కాదు, ఆయన పేరే అది."

"గట్ల పేరు ఎవడన్న పెట్టుకుంటడానే? మరి ఆయనను పిలువాల్నంటే ఎట్ల? నే! అని పిలిస్తె, పిలిచెటోడు ఎవడు, వచ్చెటోడు ఎవడు?"

లోపల వాళ్ళమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. సిద్దప్ప కూడా నవ్వును మీసం కింద దాచుకున్నాడు. మంచం వేశాడు, నీళ్ళు తెచ్చాడు. కాగితాలన్నీ తిరగేసి ఆ పేరు ఎక్కడెక్కడ ఉందో వేలుపెట్టి చూపించమన్నాడు. చూపించాను. చక్రవర్తి దగ్గర ఇట్లాంటివాళ్ళు ఇంకెంతమంది, వాళ్ళకు భూములు ఇచ్చేవాడా, ఓడిపోతే ఏం చేసేవాడు అని ఆయనే అడగడం మొదలుపెట్టాడు.

నీలమ్మ ఒక్కతే నవ్వలేదు. ముక్కను చేతిలోకి తీసుకొని చూసి నాకు తిరిగి ఇచ్చింది.

"అన్నా, ఈ ఎర్రతలాయన రాకుంటె రాకపాయె. ఆయన ఫికర్ నాకెందుకు? మీ బామ్మర్ది వస్తడా, రాడా? ఈయన మీద కాగితాలకు కాగితాలు రాసె. తన సంగతి ఒక్క ముక్క రాసిండా? గది జర అడుగున్రి."

అడుగుతానన్నాను. ఆమె నాతో తిరిగి వచ్చింది. శివరాత్రి దాకానే అని సిద్దప్ప మళ్ళీ చెప్పి పంపాడు.

అడగడం నాకు రాదని ముందే రాశాను. అయినా అడుగుతున్నాను. వస్తావా, రావా? రాకపోతే ఎందుకు? ఎత్తు తర్వాత చూసుకుందాం.

వీరప్ప


పాండిచ్చేరి,
31 జనవరి 1983

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాను. తాతకు చెప్పాను. ఆయన నవ్వలేదు. నిజమైన నే కథ చెప్పాడు. వెనక నిలబడ్డందుకు ఆయన దళం మిగతా సైన్యం నుంచి తెగిపోయిందట. ముందు పోయినవాళ్ళందరూ ఆయన చచ్చిపోయాడనే అనుకున్నారట. ఆయన పలచటి మంచు గడ్డ మీద నది దాటి, మిగిలిన కొద్దిమందిని వెంటబెట్టుకొని వచ్చి కలిశాడట. "ఖాళీ చేతులతో వచ్చినా చక్రవర్తి ఎదురుపోయి తీసుకున్నాడు" అని తాత నా ముఖం చూస్తూ అన్నాడు. ఆయనకు నా సంగతి తెలుసు. మీకు తెలియదు.

మిల్లుకు సెప్టెంబరు ఆఖరున తాళం వేశారు. బోనసు మీద గొడవ. ఈరోజు తెరుస్తారు, రేపు తెరుస్తారు అంటూ ఇంతదాకా వచ్చింది. రోజూ పొద్దున అందరం పోయి గేటు ముందు కూర్చుంటాం. సెలవు దొరకడం కష్టం అని మీకు రాసింది అబద్ధం. వంటగదితో ఉన్న గదిని వద్దన్నది కూడా నేనే. పని పోయినవాడు పెళ్ళాన్ని పిలిచి ఎక్కడ కూర్చోబెడతాడు? జహీరాబాద్ వచ్చి మీ గడపలో నిలబడి ఏం చెప్పాలి? సాయంత్రాలు ఈ ఆట లేకపోతే నేను ఏమైపోయేవాణ్ణో తెలియదు. మార్షళ్ళ గురించి రాస్తుంటే నా గురించి రాయకుండా గడిచిపోయేది.

శివరాత్రికి రాలేను. సిద్దప్ప బావ నీలమ్మను తీసుకుపోతే తప్పు ఆయనది కాదు.

ఈ పేజీ మీరొక్కరే చదవండి. అక్కకు, ముఖ్యంగా నీలమ్మకు, దీంట్లో ఒక్క మాటా తెలియకూడదు.

బస్వరాజ్


జహీరాబాద్,
8 ఫిబ్రవరి 1983

బస్వరాజ్‌కు వీరప్ప ఆశీస్సులు.

మన ఇంట్లో ఉత్తరం వస్తే నేను పైకి చదవాలి, మిగిలినవాళ్ళు వినాలి. మీ అక్కకు ఇది మొదటి నుంచీ అలవాటు, నీకు తెలియనిది కాదు. మీరొక్కరే చదవండి అన్న మాట నీవు పేజీ కింద రాశావు. పైన రాయవలసింది.

నది, మంచు గడ్డ దాకా బాగా చదివాను. మక్సూద్ సాబ్ కూడా వచ్చి కూర్చున్నాడు. నీలమ్మ మిషను దగ్గర జాకెట్టు కుడుతున్నది. "మిల్లుకు" అనే మాట దగ్గర నా కన్ను ముందుకు పోయింది, నోరు ఆగిపోయింది.

"ఆగినవేంది? మంచు పలిగిందా?" అన్నది మీ అక్క.

ఏదో ఒకటి కల్పించి చదువుదామనుకున్నాను. నాకు చేతకాలేదు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివాను. ఎవరికీ తెలియకూడదన్న మాట కూడా, చదువుతున్న ఊపులో, అందరికీ వినిపించాను.

మీ అక్క, "నా తమ్ముడు ఏం తింటుండో ఏమో" అని మొదలుపెట్టింది. మక్సూద్ సాబ్ చెప్పులు వేసుకొని మెల్లగా బయటికి పోయాడు. నీలమ్మ మిషను ఆపింది. దారం తెంపింది.

"పని లేకుంటె మొగడు గాకుండ పోతడా వదినా?" అన్నది.

ఆమే మళ్ళీ అన్నది. "నేనేమనుకున్న? ఇంకొకతె ఉన్నదేమో అనుకున్న. నా మొకం నచ్చలేదేమో అనుకున్న. ఇన్ని నెలలు అద్దంల చూస్కుంట ఏడ్చిన. తాళం వేసింది మిల్లుకా! గింత మాట రాయనీకి ఏమైంది?"

బస్వరాజ్, నేను ఎవరినీ తప్పు పట్టేవాణ్ణి కాను. కానీ ఆ అద్దం మాట నీకు తెలియాలి. అందుకే రాశాను.

ఆ తర్వాత జరిగింది నా చేతిలో లేదు. సిద్దప్పను పిలిపించింది. ఆయన వచ్చాడు, విన్నాడు, తల గోక్కున్నాడు. "నేను శివరాత్రి దాక బావ రావాలన్న గని, చెల్లె పోవద్దని అనలే" అన్నాడు. ఇంటికి పోయి జొన్నరొట్టెలు, పల్లీల కారం మూట కట్టించుకొని తెచ్చాడు. "మిల్లు తెరిచెదాక రొట్టెలు నేనే పంపాల్నా ఏంది? జర జల్ది తెరిపియ్యమను" అని బస్టాండులో అరిచాడు. నవ్వుతూనే అరిచాడు, కళ్ళు మాత్రం అటు తిప్పుకున్నాడు.

అవును, బస్టాండులో. ఈ పొద్దున హైదరాబాద్ బస్సులో నీలమ్మ బయలుదేరింది. ఒంటరిగా పంపలేము కనుక మీ అక్క కూడా వెళ్ళింది. రాత్రి మద్రాసు రైలు. టెలిగ్రాం ఇస్తానంటే నీలమ్మ వద్దన్నది. "ముందుగాల చెప్తె రావద్దని జవాబిస్తడు. నేను పోయినంక చెప్పున్రి అన్నా" అన్నది. కుట్టు మిషను తల విప్పి, చీరల్లో చుట్టి వెంట తీసుకుపోయింది. అడుగు బల్ల తర్వాత లారీలో పంపమన్నది. దీన్నిబట్టి చూసిపోదామని రావడం లేదని నీవు తెలుసుకోవాలి.

ఈ ఉత్తరం నీకు అందేసరికి ఇదంతా నీకు పాత సంగతే. అయినా రాయకుండా ఉండలేకపోయాను. ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది. అన్నం వండితే అడుగంటింది.

ఆటలో నా ఎత్తు ఏమీ లేదు. నా సైన్యం ఉన్నచోటే ఉంటుంది.

వీరప్ప


పాండిచ్చేరి,
15 ఫిబ్రవరి 1983

బావగారికి నమస్కారాలు.

అక్క, నీలమ్మ శివరాత్రి ముందు రోజే చేరారు. మీ ఉత్తరం నిన్న వచ్చింది. అక్క దాన్ని పైకి చదవమన్నది, చదివాను. అద్దం మాట దగ్గర నేనూ ఆగిపోయాను. నీలమ్మ, "గది నేను జెప్పిందే, చదువు" అన్నది.

వాళ్ళు వచ్చినప్పుడు నేను ఇంట్లో లేను, మిల్లు గేటు దగ్గర ఉన్నాను. తాత తలుపు తీసి ఎవరు కావాలని అరవంలో అడిగితే, అక్క తెలుగులో చెప్పి, అర్థం కాలేదని కన్నడంలో చెప్పి, ఆఖరుకు ఉర్దూలో కోప్పడిందట. బస్వరాజ్ అన్న ఒక్క మాట పట్టుకొని తాత చేతికర్ర తీసుకొని వాళ్ళను గేటు దాకా తీసుకువచ్చాడు.

గేటు ముందు ఎట్లా ఉంటుందో మీకు చెప్పాలి. టార్పాలిన్ కింద అందరం వరసగా కూర్చుంటాం. మధ్యాహ్నానికి ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకొని వస్తారు. ఎవరి మనిషి ముందు వాళ్ళు కూర్చొని వడ్డిస్తారు. ఆ వేళకు నేను ఎప్పుడూ లేచి చాయ్ దుకాణానికి పోయేవాణ్ణి. ఆ రోజు కూడా లేస్తున్నాను. ఎదురుగా తాత, వెనక అక్క, ఆమె వెనక నీలమ్మ.

ఏం అంటుందో అని నిలబడిపోయాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"గీ ఎండల రోజు గిట్లనే కూసుంటవా? తలకు గుడ్డ గూడ లేకుండ?" అన్నది.

అంతే. కూర్చొని మూట విప్పింది. సిద్దప్ప బావ ఇచ్చిన రొట్టెలు దారి పొడుగునా వాళ్ళు తినగా ఇంకా మిగిలాయి, ఎండి అప్పడాల్లా అయ్యాయి. మా వాళ్ళు జొన్నరొట్టె ఎన్నడూ చూడలేదు. ఒకరి చేతి నుంచి ఒకరు తీసుకొని, తట్టి చూసి, ఇది దేంతో చేస్తారు, ఇంత పలచగా చేత్తోనే ఎట్లా కొడతారు అని అడుగుతున్నారు. నీలమ్మకు అరవం రాదు. గాలిలో చేతులతో కొట్టి చూపించింది. అందరూ నవ్వారు, ఆమె కూడా.

వంటగదితో ఉన్న ఆ గది పోయింది. తాత తన వెనక వసారా ఇచ్చాడు. మిల్లు ఎప్పుడు తెరుస్తారో తెలియదు. మిషను తలకు అడుగు బల్ల లేక నీలమ్మ ఊరికే కూర్చోవడం లేదు, చేతి కుట్టు పని అడుగుతూ ఈ వీధిలో నాకు తెలియని ఇళ్ళకు కూడా పోయి వచ్చింది. లారీ ఏదైనా ఇటు వస్తే బల్ల పంపించండి.

ఇంకొకటి రాసి ముగిస్తాను. గేటు దగ్గర నా పక్కన కూర్చునే కదిర్వేలు రొట్టె నములుతూ, ఈమె ఎవరని నన్ను అడిగాడు. ఇన్నాళ్ళలో ఈ ఊళ్ళో ఆ మాట ఎవరితోనూ అనలేదు కనుక, అరవంలో దాన్ని ఏమంటారో నాకు తెలియలేదు. తెలుగులో చెప్పాను, అతనికి అర్థం కాలేదు. అతని ముందు కూర్చొని వడ్డిస్తున్న ఆమెను చూపించి, మీ భాషలో ఈమె నీకు ఏమవుతుందో చెప్పు అన్నాను. చెప్పాడు. ఆ మాటే అందరికీ వినబడేట్టు తిరిగి చెప్పాను.

బస్వరాజ్